పెంగ్విన్ల కాలనీలో బోడినేల, పక్షుల కొండ కింద పచ్చిక: రెట్ట ఒకటే అయినప్పుడు ఈ తేడా ఎందుకు?

సందేహాల_సుబ్బు
ధ్రువ ప్రాంతాల పాఠం కోసం ఫోటోలు ఎంచుతుంటే ఒక చిక్కు ఎదురైంది. ఉత్తర ధ్రువం వైపు నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవులలో ఆల్క్‌హార్నెట్ అనే కొండ ఉంది. చుట్టుపక్కల అంతా రాళ్ళూ బూడిదరంగు నేలా ఉంటే, ఆ కొండ పాదాన మాత్రం దట్టమైన పచ్చిక పరచుకొని ఉంది. పైన గూళ్ళు పెట్టుకున్న సముద్రపక్షుల రెట్టే దానికి కారణమని ఫోటో కింద రాశారు. అంటార్కిటికాలోని అడేలీ పెంగ్విన్ల కాలనీ ఫోటో చూస్తే అక్కడ రెట్ట ఇంకా ఎక్కువగా, నేలంతా ఎర్రబడేటంతగా ఉంది, కాని ఒక్క గడ్డిపరక కూడా లేదు. రెట్ట ఎరువే అయితే రెండో చోట ఎందుకు పనిచేయలేదు? చలి ఎక్కువ అనే ఒక్క మాటతో పిల్లలు ఊరుకోరు, నాకూ తృప్తిగా లేదు.

కోళ్ళఫారం_రాజు
ఇందులో పెద్ద రహస్యమేమీ లేదండి. పచ్చి కోళ్ళ ఎరువును మాగనివ్వకుండా మొక్క మొదట్లో వేస్తే రెండు రోజుల్లో ఆకులు మాడిపోతాయని మా వైపు ఏ రైతును అడిగినా చెబుతాడు. పెంగ్విన్ల కాలనీలో జరిగేది కూడా అదే, మోతాదు మించిపోయింది.

రసాయనశాల
రాజు గారి మాటలో సగం నిజముంది. పక్షులు నత్రజనిని ప్రధానంగా యూరిక్ ఆమ్లం రూపంలో విసర్జిస్తాయి. అది నీటిలో సులభంగా కరగదు కాబట్టి వెంటనే మొక్కను మాడ్చదు. నేలలోని సూక్ష్మజీవులు దానిని యూరియాగానూ, తరువాత అమ్మోనియంగానూ విడగొట్టినప్పుడే క్షారత పెరిగి అమ్మోనియా వాయువు లేస్తుంది. పక్షులు కాపురమున్న కాలనీ నేలలో అమ్మోనియం, లవణాలు రెండూ ఎక్కువగా ఉండి మొక్కల వేళ్ళకు నిలువ నీడ లేకుండా చేస్తాయి. ఆ అమ్మోనియంలో కొంత నైట్రేట్‌గా మారేటప్పుడు ఆమ్లం పుడుతుంది. అందువల్ల పక్షులు ఉన్నంతకాలం తటస్థంగానో క్షారంగానో ఉన్న నేల, అవి వెళ్ళిపోయాక క్రమంగా ఆమ్లత్వం వైపు జరుగుతుంది.

మృత్తిక_మిత్ర
మోతాదు ఒక్కటే కారణమైతే కాలనీ అంచున కూడా ఏమీ మొలవకూడదు. కాని అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గరి కింగ్ జార్జ్ దీవి వంటి చోట్ల కాలనీ చుట్టూ స్పష్టమైన వలయాలు కనిపిస్తాయి. నడుమ బోడినేల ఉంటుంది. దానిని ఆనుకొని ప్రాసియోలా క్రిస్పా అనే ఆకుపచ్చ శైవలం ముడతలు ముడతలుగా పరచుకుంటుంది, అది నత్రజని ఎంత ఉన్నా తట్టుకుంటుంది. ఇంకాస్త దూరంలో అంటార్కిటిక్ హెయిర్ గ్రాస్, పెర్ల్‌వర్ట్ కనిపిస్తాయి. ఆ ఖండపు స్థానిక పూలమొక్కలు ఈ రెండే. వాటిని దాటితే నాచులు, లైకెన్లు (శిలీంధ్రం, శైవలం కలిసి బతికే పొరలు). నడుమ ఏమీ మొలవకపోవడానికి రసాయనం కొంత కారణమైతే, తొక్కిడి మరింత పెద్ద కారణం. వేల పక్షులు వేసవి పొడవునా గూటికీ సముద్రానికీ మధ్య నడుస్తూ, గూటి కోసం గులకరాళ్ళు ఏరుకుంటూ ఉంటే ఏ మొలకైనా బతకగలదా?

కోళ్ళఫారం_రాజు
తొక్కిడి వల్లనే అని ఎలా చెప్పగలరు? వలయాలు నా మాటకు కూడా సరిపోతాయి కదా, దూరం పెరిగేకొద్దీ మోతాదు తగ్గుతుంది.

మృత్తిక_మిత్ర
మంచి ప్రశ్న. దానికి జవాబు పాడుబడిన కాలనీలలో దొరుకుతుంది. పెంగ్విన్లు వదిలేసిన దిబ్బల మీద భాస్వరం ఇంకా మెండుగానే ఉంటుంది, అయినా సముద్ర ప్రభావం ఉన్న అంటార్కిటిక్ దీవులలో ఆ దిబ్బలను హెయిర్ గ్రాస్ ఆక్రమిస్తుంది. తొక్కిడి ఆగిపోయింది, లవణాలలో కరిగిపోయేవి వానకూ మంచు కరిగిన నీటికీ కొట్టుకుపోయాయి, గట్టి ఎరువు నిలిచింది. ఈ రెండు మార్పులూ ఒకేసారి జరుగుతాయి కాబట్టి ఏది ఎంత అని కచ్చితంగా విడదీయడం కష్టమేనని ఒప్పుకుంటాను.

బండరాయి
ఇద్దరూ నీటిని మరచిపోయారు. రాస్ సముద్రం ఒడ్డున రాస్ దీవిలో కేప్ రాయిడ్స్, కేప్ బర్డ్, కేప్ క్రోజియర్ అనే చోట్ల అడేలీ కాలనీలు ఉన్నాయి. అక్కడ పాడుబడిన దిబ్బ మీద కూడా గడ్డి రాదు, అసలు ఆ అక్షాంశంలో పూలమొక్కలే లేవు. గాలి పొడిగా ఉండి, ఉష్ణోగ్రత సున్నాను దాటే రోజులు కొద్దిగానే ఉండడంతో రెట్ట కుళ్ళడమే చాలా నెమ్మదిగా సాగుతుంది. గులకరాళ్ళు, ఈకలు, గుడ్డు పెంకులు, ఎముకలు పొరలు పొరలుగా నిలిచిపోతాయి. రాస్ సముద్ర తీరంలో ఇలాంటి పాత కాలనీల అవశేషాలకు రేడియోకార్బన్ పద్ధతిలో 40,000 ఏళ్ళకు పైబడిన వయసు తేలింది. సుబ్బు గారు చూసిన రెండో ఫోటో అటువైపుదైతే, అక్కడ తొక్కిడి ఉన్నా లేకపోయినా పచ్చదనం ఉండదు.

సందేహాల_సుబ్బు
ఫోటో కింద రాస్ దీవి అనే ఉంది. అయితే నేను పోల్చినవి చలి, నీరు, వాలు అన్నీ వేరైన రెండు చోట్లన్నమాట. ఆల్క్‌హార్నెట్ సంగతి ఎవరైనా చెబుతారా?

ట్రోమ్సో_తెలుగు
నేను ఉత్తర నార్వేలో ఉంటాను, ఒక వేసవిలో ఓడ ప్రయాణంలో ఆల్క్‌హార్నెట్ చూశాను. కొండ నిట్టనిలువుగా ఉంటుంది, దాని గట్ల మీద బ్రూనిక్ గిల్లెమాట్లూ కిట్టివేక్‌లూ గూడు కడతాయి. పక్షులు పైన, మొక్కలు కింద ఉండటం వల్ల పెంగ్విన్ల కాలనీలో మాదిరి తొక్కిడి సమస్యే అక్కడ లేదు. రెట్ట రాతి మీదుగా జారి, మంచు నీటితో పలచబడి వాలున దిగుతుంది. పాదాన స్పంజిలాంటి నాచుమెత్త, దాని మీద గడ్డి, స్కర్వీ గ్రాస్ అనే చిన్న ఆకు మొక్క ఉంటాయి. విటమిన్ సి లోపంతో వచ్చే స్కర్వీ జబ్బుకు పాత కాలపు నావికులు ఆ ఆకును తినేవారు. పక్షుల కొండల కింద అది ఏపుగా పెరుగుతుంది. మేము దిగిన చోట రెయిండీర్లు మమ్మల్ని పట్టించుకోకుండా మేస్తూ ఉన్నాయి, గుడ్లూ జారిపడే పిల్లల కోసం ఆర్కిటిక్ నక్క అటూ ఇటూ తిరుగుతోంది. దుర్వాసన గురించి పిల్లలకు చెప్పడం మరచిపోకండి, ఫోటోలో అది రాదు.

హిమకణం
ట్రోమ్సో గారు చెప్పినదానికి ఒక సవరణ. గిల్లెమాట్, కిట్టివేక్ వంటి చేపలు తినే పక్షులు సముద్రాన్ని ఆనుకున్న నిలువు గట్ల మీద ఉండటం వల్ల వాటి రెట్టలో పెద్ద భాగం నేరుగా నీళ్ళలోకే పోతుంది. కొండ పాదాన ఇరుకైన పట్టీలో మాత్రమే పచ్చదనం ఉంటుంది. స్వాల్‌బార్డ్ నేలను నిజంగా మార్చేది లిటిల్ ఆక్ అనే పిడికెడంత పక్షి. అది కోపెపాడ్లనే సూక్ష్మమైన సముద్రజీవులను తిని, తీరానికి కాస్త లోపలగా, కొండ వాలున రాలిపడిన రాళ్ళ సందులలో గూడు పెడుతుంది. స్వాల్‌బార్డ్‌లో వీటి సంఖ్య పది లక్షల జంటలకు పైనే ఉంటుంది. అవి రాళ్ళ మధ్య మాత్రమే కాక, సముద్రానికి పోయి వచ్చే దారి పొడవునా రెట్ట వేస్తూ పోతాయి. దానితో కాలనీకీ తీరానికీ నడుమ ఉన్న టండ్రా (చెట్లు లేని ధ్రువప్రాంతపు నేల) అంతా వాటి పోషణలోకి వస్తుంది. స్వాల్‌బార్డ్‌లోని హార్న్‌సుండ్ ఫియార్డ్‌లో (కొండల నడుమ లోపలికి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయలో) పోలండ్ పరిశోధకులు దీనిని చాలా కాలంగా కొలుస్తున్నారు. పెద్ద పక్షి కాదు, నేల మీదుగా ఎగిరే పక్షి ముఖ్యం.

కోళ్ళఫారం_రాజు
అంటే చేపలు తినేది రెట్టను సముద్రంలో పారబోస్తుంది, రొయ్యపిల్లలు తినేది ఇంటికి తెచ్చుకుంటుంది. లెక్క బాగుంది.

రసాయనశాల
కోపెపాడ్లు రొయ్యపిల్లలు కావు రాజు గారూ, కాని లెక్క మాత్రం అదే. ఈ నత్రజని సముద్రం నుంచే వచ్చిందని ఎలా తెలుస్తుందో కూడా చెప్పాలి. నత్రజనిలో బరువైన ఐసోటోపు (అదే మూలకంలో బరువు వేరైన పరమాణువు) ఒకటి ఉంది, 15 సంఖ్య గలది. సముద్రపు ఆహార గొలుసులో పై మెట్టుకు పోయేకొద్దీ దాని పాలు పెరుగుతుంది. పైగా రెట్ట నుంచి అమ్మోనియా లేచేటప్పుడు తేలిక నత్రజని ముందు వెళ్ళిపోతుంది, బరువైనది నేలలో మిగులుతుంది. కాలనీ పక్కన ఉన్న నాచులోనూ, గడ్డిలోనూ ఈ ముద్ర పడుతుంది కాబట్టి, మొక్క తిన్న నత్రజని సముద్రానిదా కాదా అన్నది ఊహించనక్కరలేదు, కొలవవచ్చు.

బండరాయి
నత్రజని గురించే అందరూ మాట్లాడుతున్నారు. నాకు అసలు ఆసక్తి కలిగించేది భాస్వరం, ఎందుకంటే అది గాలిలో కలిసిపోదు. కింగ్ జార్జ్ దీవిలో ఆర్క్టోవ్‌స్కీ అనే పోలండ్ స్థావరం చుట్టూ తాతూర్, మిర్హా అనే శాస్త్రవేత్తలు 1980ల నుంచి చూపించినది ఇదే. తాజా రెట్టలో ఉండే భాస్వరం మొదట మెగ్నీషియం, అమ్మోనియంలతో కలిసి స్ట్రువైట్ గానూ, కాల్షియంతో కలిసి అపటైట్ గానూ నిలుస్తుంది. మంచు కరిగి నీరు దిగినప్పుడు ఆ ద్రవం అడుగున ఉన్న అగ్నిపర్వత శిలల ముక్కలను తినేస్తూ, వాటిలోని అల్యూమినియం, ఇనుము, పొటాషియంలతో చేరి లూకోఫాస్ఫైట్, మిన్యులైట్, తారనకైట్ అనే కొత్త ఖనిజాలుగా మారుతుంది. పక్షులు వెళ్ళిపోయిన తరువాత స్ట్రువైట్ కొట్టుకుపోతుంది, ఈ కొత్త ఖనిజాలు మాత్రం వేల ఏళ్ళు నిలుస్తాయి. ఉన్న నేలకు ఎరువు వేయడంతో పక్షుల పని ఆగదు. రాయి మట్టిగా మారే తీరునే అవి మార్చేస్తున్నాయి.

మృత్తిక_మిత్ర
బండరాయి గారితో పూర్తిగా ఏకీభవిస్తున్నాను, ఇలా జరగడం అరుదే. ఇటువంటి నేలలకు ప్రత్యేక గుర్తింపు కావాలని సోవియట్ శాస్త్రవేత్త సిరోయెచ్‌కోవ్‌స్కీ 1959లోనే సూచించాడు, తరువాత ఉగోలినీ 1970లలో వివరంగా రాశాడు. నేడు ప్రపంచ నేలల వర్గీకరణలో దీనికి ఒక కొలత కూడా ఉంది: పక్షుల అవశేషాలు గాని వాటి చర్య జాడలు గాని ఉండి, సిట్రిక్ ఆమ్లంలో కరిగే భాస్వరం పెంటాక్సైడ్ 0.25 శాతమో అంతకు మించో ఉండాలి. అంటార్కిటికాలో మంచు లేని నేల ఖండంలో ఒక్క శాతం కూడా లేదు. పెంగ్విన్లకూ మొక్కలకూ మనుషుల స్థావరాలకూ ఆ కొద్ది నేలే దిక్కు.

సందేహాల_సుబ్బు
ఎంపరర్ పెంగ్విన్లు కూడా ఇలాగే నేలను తయారు చేస్తాయా? పిల్లలు మొదట అడిగేది వాటి గురించే.

హిమకణం
చేయవు. అవి దాదాపు ఎప్పుడూ సముద్రపు మంచు మీదనే గుడ్డు పొదుగుతాయి. వేసవిలో ఆ మంచు విరిగి కరిగిపోతే రెట్ట మొత్తం సముద్రం పాలవుతుంది. నేలను మార్చేవి అడేలీ, జెంటూ, చిన్‌స్ట్రాప్ జాతులు. ఎంపరర్ల రెట్ట వల్ల ఒక ఉపయోగం మాత్రం ఉంది. తెల్లటి మంచు మీద ఆ మరకలు ఉపగ్రహ చిత్రాలలో కనిపిస్తాయి కాబట్టి కొత్త కాలనీలను అలా పట్టుకుంటున్నారు. డేంజర్ దీవుల అడేలీలు కూడా రెట్ట మరకల వల్లనే ఉపగ్రహానికి చిక్కాయి. అక్కడ ఏడున్నర లక్షల జంటలు ఉన్నాయని 2018లో ప్రకటించారు.

నేలపట్టు_నాయుడు
విషయం ధ్రువాలది అయినా ఒక మాట చెప్పాలనిపించింది. మాది పక్షుల రక్షిత కేంద్రం ఉన్న నేలపట్టు పక్కన. గూడబాతులు చెరువులోని కడప చెట్ల మీద గూళ్ళు పెడతాయి, వాటి రెట్ట కలిసిన చెరువు నీరు పొలాలకు మంచిదని మా పెద్దలు నమ్ముతారు, అందుకే ఆ పక్షులను ఎవరూ తోలరు. మా దగ్గర నీరు రెట్టను మోసుకుపోయి పంచుతుంది. అక్కడ నీరు గడ్డకట్టి ఉంటే మరి పంచేదెవరు?

రసాయనశాల
చాలావరకు గాలి పంచుతుంది. కాలనీ నుంచి లేచిన అమ్మోనియా చుట్టుపక్కల నాచుల మీద, లైకెన్ల మీద వాలుతుంది. బోఖోర్స్ట్, కాన్వీ, ఆర్ట్స్ 2019లో ప్రచురించిన పరిశీలనలో పెంగ్విన్, ఎలిఫెంట్ సీల్ కాలనీల ప్రభావం కిలోమీటరు దాటి కూడా కనిపించింది, అది పరచుకున్న విస్తీర్ణం కాలనీ విస్తీర్ణానికి 240 రెట్ల దాకా ఉంది. ఆ పరిధిలో నేలలో బతికే నల్లి, స్ప్రింగ్‌టెయిళ్ళ వంటి చిన్న జీవుల సంఖ్యా రకాలూ పెరిగాయి. రాజు గారి మోతాదు వాదానికి కూడా ఇక్కడ చోటుంది: కాలనీలో విషమైనది కిలోమీటరు దూరంలో బలం.

కోళ్ళఫారం_రాజు
ఆలస్యంగానైనా న్యాయం జరిగింది.

ట్రోమ్సో_తెలుగు
అమ్మోనియా నేల మీద వాలడంతోనే ఆగదు. అంటార్కిటిక్ ద్వీపకల్పం దగ్గర మరాంబియో స్థావరంలో 2023 వేసవిలో కొలతలు తీసుకున్నారు. ఎనిమిది కిలోమీటర్ల దూరంలోని 60,000 అడేలీల కాలనీ వైపు నుంచి గాలి వీచినప్పుడు అమ్మోనియా సాధారణ స్థాయికి వెయ్యి రెట్లు మించింది, అది మేఘాలకు బీజమయ్యే కణాలు పుట్టడానికి తోడ్పడింది. మన చర్చకు పనికివచ్చేది ఇంకొకటి: పెంగ్విన్లు వెళ్ళిపోయిన నెల తరువాత కూడా అమ్మోనియా వంద రెట్లకు పైనే ఉంది, అంటే అప్పుడు వాయువును వదులుతున్నది రెట్ట ఇంకిన నేలే.

సందేహాల_సుబ్బు
సౌత్ జార్జియాలో పెంగ్విన్ల రెట్ట వల్ల పరిశోధకులకు నవ్వు ఆగలేదని ఎక్కడో చదివాను. నిజమా, పుకారా?

రసాయనశాల
కింగ్ పెంగ్విన్ల కాలనీ నేల నుంచి నైట్రస్ ఆక్సైడ్ చాలా ఎక్కువగా వెలువడుతోందని 2020లో డెన్మార్క్ పరిశోధకులు చెప్పిన మాట నిజం. దానినే లాఫింగ్ గ్యాస్ అంటారు. పత్రికలు ఆ పేరును పట్టుకొని ఆనందించాయి. రెట్టలోని నత్రజనిని నేలలోని బ్యాక్టీరియా మార్చే దారిలో అది పుడుతుంది, వాతావరణాన్ని వేడెక్కించడంలో కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 300 రెట్లు బలమైనది. ప్రపంచ లెక్కలో ఈ కాలనీల వాటా చిన్నది కాబట్టి పెంగ్విన్లను నిందించవలసిన పని లేదు.

బ్యాక్టీరియా_భాస్కర్
బ్యాక్టీరియా మాట వచ్చింది కాబట్టి: హైదరాబాదులోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో శివాజీ గారి బృందం అంటార్కిటికాలో మంచు లేని షిర్మాకర్ ఒయాసిస్ మట్టి నుంచి స్ఫింగోబాక్టీరియం అంటార్కిటికస్ అనే చలిని తట్టుకునే కొత్త జాతిని వేరుచేసి 1992లో వర్ణించింది. మన మైత్రి స్థావరం అక్కడే ఉంది. సముద్రపు అంచుకు దాదాపు వంద కిలోమీటర్ల లోపల ఉండటంతో అక్కడ పెంగ్విన్ల కాలనీ లేదు, స్కువా పక్షులు కొన్ని గూడు పెడతాయి. రెట్ట పడని అంటార్కిటిక్ నేల ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే అలాంటి చోటే చూడాలి.

బండరాయి
సముద్రానికి దూరమైనంత మాత్రాన రెట్ట పడదని అనుకోకండి. ఖండం లోపలికి సుమారు 200 కిలోమీటర్ల దూరాన స్వార్త్‌హామరెన్ అనే పర్వతం మీద అంటార్కిటిక్ పెట్రెల్ పక్షుల భారీ కాలనీ ఉంది. అవి ఎగురుతాయి కదా. చుట్టూ మంచు ఎడారి ఉన్నా అక్కడి వాలున నత్రజని, భాస్వరం సముద్రం నుంచి విమానంలో వచ్చినట్లు చేరుతున్నాయి.

మృత్తిక_మిత్ర
పక్షులు లేకపోతే నేల ఏమవుతుందనే ప్రశ్నకు అలాస్కాకు చెందిన అలూషియన్ దీవులు అతి స్పష్టమైన జవాబిచ్చాయి, అవి కచ్చితంగా ధ్రువంలో కాక దాని అంచున ఉన్నప్పటికీ. బొచ్చు వ్యాపారం కోసం పద్దెనిమిదో శతాబ్దం నుంచి చాలా దీవులలో ఆర్కిటిక్ నక్కలను వదిలారు. నక్కలు పక్షులను తినేశాయి. క్రోల్ తదితరులు 2005లో పోల్చి చూస్తే, నక్కలు లేని దీవులలో రెట్ట దాదాపు అరవై రెట్లు ఎక్కువగా పడుతోంది, నేలలో భాస్వరం మూడింతలకు పైగా ఉంది. ఆ దీవులలో గడ్డిమైదానం నిలిచింది, నక్కలున్న దీవులు పొట్టి పొదల టండ్రాగా మారాయి. ఒక జంతువును తెచ్చి వదిలితే దీవి రంగే మారింది.

హిమకణం
దానికి తిరగేసిన ఉదాహరణ ఐస్‌లాండ్ పక్కన సర్ట్‌సీ దీవి. 1963 నవంబరులో అగ్నిపర్వతం వల్ల సముద్రంలోంచి పైకి వచ్చింది. ఇరవై ఏళ్ళ పాటు అక్కడక్కడ కొన్ని మొక్కలు తప్ప మరేమీ నిలవలేదు. 1980ల నడుమ గల్ పక్షులు గుంపుగా గూళ్ళు పెట్టడం మొదలైన తరువాత ఆ భాగమంతా పచ్చికబయలైంది. రెట్టతో పాటు విత్తనాలనూ అవే తెచ్చాయి.

నేలపట్టు_నాయుడు
అంతా మంచే జరుగుతుందా? మా చెరువులో పురుగుమందుల భయం ఉంది. అక్కడి పక్షులు సముద్రం నుంచి అలాంటివేమీ మోసుకురావా?

రసాయనశాల
మోసుకువస్తాయి. కెనడాలోని డెవాన్ దీవిలో కేప్ వేరా అనే చోట ఫుల్మార్ పక్షుల కొండ కింద చిన్న మడుగులు ఉన్నాయి. పక్షుల ప్రభావం ఎక్కువగా ఉన్న మడుగుల అడుగు మట్టిలో పాదరసం ఇరవై అయిదు రెట్లు, డీడీటీ అరవై రెట్లు ఎక్కువగా ఉన్నాయని 2005లో బ్లే తదితరులు చూపారు. సముద్రంలో పలచగా ఉన్నది పక్షి ఒంట్లో చిక్కబడి, కొండ కింద ఒక్కచోట పోగవుతుంది. క్రిల్ (రొయ్యలాంటి చిన్న సముద్రజీవి) తినే పెంగ్విన్ల నేలలో రాగి, జింకు, ఫ్లోరిన్ కూడా పేరుకుంటాయి. ఇవే అంటార్కిటిక్‌లోని ఆర్డ్లీ దీవిలో ఉన్న సరస్సు అడుగు పొరల్లో జాడలుగా మిగలడం వల్ల 3,000 ఏళ్ళ పెంగ్విన్ల జనాభా హెచ్చుతగ్గులను చైనా శాస్త్రవేత్తలు 2000లో పునర్నిర్మించగలిగారు.

కోళ్ళఫారం_రాజు
చివరగా ఒకటి. అంటార్కిటిక్ ద్వీపకల్పం పడమటి వైపు అడేలీలు తగ్గిపోతున్నాయని అంటున్నారు. మృత్తిక గారి లెక్క ప్రకారం ఇక ఆ దిబ్బలన్నీ పచ్చబడతాయా?

మృత్తిక_మిత్ర
కొన్ని చోట్ల పచ్చబడతాయి, కొంతకాలం. భాస్వరం నిలిచి ఉన్నా నత్రజని ఏటేటా రావాలి, పక్షులు పూర్తిగా పోతే ఆ సరఫరా ఆగుతుంది. పైగా అడేలీలు వదిలిన చోట్ల కొన్నింటికి జెంటూలు వస్తున్నాయి, అప్పుడు తొక్కిడి మళ్ళీ మొదలు.

హిమకణం
స్వాల్‌బార్డ్‌లో భయం ఇంకో రకంగా ఉంది. సముద్రం వేడెక్కి, లిటిల్ ఆక్‌లకు కావలసిన కొవ్వు నిండిన పెద్ద కోపెపాడ్ల స్థానంలో దక్షిణపు చిన్న జాతి పెరిగితే, ఆ పక్షులు తగ్గి చేపలు తినే పక్షులు పెరగవచ్చునని పోలండ్ పరిశోధకులు 2007లోనే హెచ్చరించారు. మొత్తం పక్షుల సంఖ్య తగ్గకపోయినా రెట్ట టండ్రా మీద పడటం మాని సముద్రంలో పడుతుంది. సుబ్బు గారూ, ఆల్క్‌హార్నెట్ ఫోటో పక్కన హార్న్‌సుండ్‌లోని లిటిల్ ఆక్ వాలు ఫోటో కూడా పెట్టండి, పిల్లలకు ఆ తేడా కంటికే కనిపిస్తుంది.

సందేహాల_సుబ్బు
పెడతాను. రాస్ దీవి ఫోటో తీసివేసి దాని స్థానంలో కింగ్ జార్జ్ దీవి వలయాలు చూపిస్తే నీటి సంగతీ తొక్కిడి సంగతీ కలిపి చెప్పవచ్చు కదా?

బండరాయి
తీసివేయకండి, మూడూ ఉంచండి. రాస్ దీవి లేకపోతే నీరు ఎంత ముఖ్యమో పిల్లలకు తెలియదు.